తెల్లగౌను మీద పసుపు

ఈ కాలం ఆడపిల్లలు ఫోన్ మీద బొటనవేలు జరుపుతూ పెళ్ళిబట్టలు కొనేస్తుంటే నేను పక్కన కూర్చుని నోరు మూసుకుని చూస్తాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాది గట్టి గొంతని, మెట్లెక్కుతుండగానే వినిపిస్తుందని పేరు. అయినా ఊరుకుంటాను. ఎందుకంటే ఆన్‌లైన్‌లో పెళ్ళిగౌను కొనడంలో ఉండే దడ ఏమిటో నాకు అమ్మినవాళ్ళ వైపు నుంచి బాగా తెలుసు. కొన్నవాళ్ళకి డబ్బా విప్పేదాకానే దడ. అమ్మినవాళ్ళకి పెళ్ళి అయిపోయేదాకా దడే.

విజయనగరంలో ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో నేను ఇన్‌స్ట్రక్టరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. కేంద్రానికి ఆనుకుని చిన్న కుట్టు యూనిట్ ఉండేది. నేర్చుకున్నవాళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళు అందులో పనిచేసేవారు. హాస్టలు పిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి దుప్పట్లు, లంగాలు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి జాకెట్లు. మా పని ఊరు దాటి ఎరగదు.

కటింగు బల్ల, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరూ పలికేవారు కాదు. రామతీర్థం పక్క రైతు ఇంటి మనిషి. పొద్దున్నే గేదె పని చూసుకుని, బస్సెక్కి, నాకన్నా ముందే వచ్చి కూర్చునేది. వయసులో నాకన్నా పెద్ద, జీతంలో చిన్న, అధికారంలో మాత్రం నాకన్నా ఒక మెట్టు పైన. ఆవిడ సొరుగులో సుద్దముక్కల పక్కన చిన్న పసుపు డబ్బీ ఉండేది. పెళ్ళిబట్ట ఏదైనా సరే, ఇస్త్రీ అయ్యాక కొసల్లో ఇంత తడిపసుపు అద్దనిదే బల్ల దిగనిచ్చేది కాదు. "పెళ్ళిబట్ట ఉత్తినే ఎల్లకూడదమ్మ" అనేది. ఇచ్చేవాళ్ళకీ అదే అలవాటు, పుచ్చుకునేవాళ్ళకీ అదే అలవాటు. కనక దాని గురించి ఎవరమూ ఎన్నడూ ఆలోచించలేదు.

రెండువేల పదిహేను ప్రాంతంలో మాకో కొత్త ఆఫీసరు వచ్చారు. మొదటి మీటింగులోనే, సరుకు ఊరు దాటాలి, ఆన్‌లైన్‌లో పెట్టండి అన్నారు. ఆ పని పక్కగదిలో కంప్యూటరు నేర్పే మాస్టారి నెత్తిన పడింది. ఎచ్చెర్లలో చదువుకుని వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. మేం కుట్టినవన్నీ మా వాళ్ళకే తొడిగి ఫోటోలు తీశాడు. మొహాలు పడితే ఇంట్లో ఒప్పుకోరని అందరూ గొడవ చేశారు. దాంతో మా పేజీ నిండా తలకాయలు లేని ఆడవాళ్ళే. కింద మాత్రం గొప్పగా రాశాడు: మీ కొలతలకు కుట్టి పంపుతాం, అందుబాటు ధర అని.

మొట్టమొదట ఫోన్ చేసినాయన ఫోటోలో వెనక వేలాడుతున్న కిటికీ తెర ఎంతకిస్తారని అడిగాడు. తర్వాత చాలాకాలం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఒక పిల్ల ఫోన్ వచ్చింది. క్రిస్మస్ కార్యక్రమానికని మేం కుట్టిన తెల్ల పొడుగు ఫ్రాకు ఒకటి పేజీలో ఉంది. అది చూసి చేసిందట.

"పెళ్ళిగౌను కావాలండి. తెల్లది. మరీ ఖరీదైతే నావల్ల కాదండి."

ఏ ఊరమ్మా అన్నాను.

"ఉండడం హైదరాబాదండి, నర్సుని. మాది సోంపేట దగ్గిరండి. పేజీలో విజయనగరం అని ఉంటే మనోళ్ళే గదా అని ధైర్యం సేసినానండి. మా హాస్టల్లో ఒకమ్మాయి ఏదో దేశం నుంచి గౌను తెప్పించుకున్నాదండి. ఫోటోలో రాణీగారి గౌను. డబ్బా ఇప్పితే దోమతెర."

నాకు నవ్వొచ్చింది గాని, ఆ దోమతెర మాట మా అందరి మీదా బరువుగానే పడింది. మాస్టారు కొలతలు రాసే పట్టిక ఒకటి తయారుచేసి పంపాడు. ఆ పిల్ల నింపి పంపింది. దాన్ని పెద్దమ్మ ముందు పెడితే ఆవిడ పక్కకి తోసేసింది.

"అంకెలు నాకెందుకమ్మా? అంకెలకి ఒళ్ళుంతాదేటి? ఆది పంపమను."

ఆది అంటే తెలియని పిల్లలకి చెబుతున్నాను. ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత బట్ట. మా వైపు దర్జీకి ఆది ఇవ్వకుండా జాకెట్టు గుడ్డ ఇచ్చిన ఆడమనిషిని నేను చూడలేదు. ఆన్‌లైన్ వ్యాపారంలో పాత బట్ట పోస్టులో పంపమనడం ఏమిటండీ, నలుగురూ నవ్వుతారని మాస్టారు తల పట్టుకున్నాడు. నేను పెద్దమ్మ పక్షం వహించాను. పార్సిలులో మూడు పాత టాపులు వచ్చాయి. పెద్దమ్మ వాటిని బల్ల మీద పరిచి, ఎడమ భుజం దగ్గర వేలు పెట్టి నన్ను పిలిచింది. మూడింటికీ అక్కడ పిన్ను గుచ్చిన చిల్లులు. ఒకదానికైతే గుడ్డే పీలికలయిపోయింది.

ఫోన్ చేసి అడిగాను.

"సిన్నప్పుడు జీడిసెట్టు మీంచి పడిపోనానండి. ఎముక ఒంకరగా అతుక్కున్నాది. ఎడమ భుజం దిగిపోయుంటాదండి. ఏ బట్టేసినా అటు జారిపోతాది." మళ్ళీ తనే, "మా అక్కలిద్దరికీ శ్రీకాకుళంలో అద్దె గౌనే తెచ్చినారండి. నానూ ఏసి సూసినాను. భుజం మీద నిలబడదండి. పిన్నెట్టి నిలబెడితే మెడ ఒంకరగా వస్తాది. పెళ్ళి ఫోటోల్లో జీవితాంతం అలాగే ఉండిపోతాను గదండి" అంది.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదమ్మా!" అని గసిరాను. నా గొంతే అంత.

"పట్టికలో అడగనేదు గదండి" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళమ్మకి ఈ ఆన్‌లైన్ మీద నమ్మకం లేదట. అద్దె గౌను కూడా చెప్పి ఉంచిందట. మాది బాగోకపోతే అదే తొడిగి పెళ్ళి చేసేస్తానందట. ఆ మాటతో నాకు పంతం వచ్చింది. ఆ అద్దె గౌను ఆ పిల్ల ఒంటి మీదకి రాకూడదు, అంతే.

పెద్దమ్మ రెండు వైపులా వేరువేరుగా కత్తిరించింది. ఎడమవైపు లోపల గుడ్డ పొరలు పేర్చి భుజం లేపింది. ముందు మామూలు మల్లుగుడ్డతో నమూనా కుట్టి హైదరాబాదు పంపాం. ఆ పిల్ల తొడుక్కుని, పెన్నుతో గీతలు గీసి తిరిగి పంపింది. మళ్ళీ కుట్టాం, మళ్ళీ పంపాం. మా ఆన్‌లైన్ వ్యాపారం పోస్టాఫీసు వ్యాపారమైపోయిందని మాస్టారు వాపోయాడు. ఆఖరికి తెల్ల శాటిన్ మీద నెట్టు వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టి, ఆ పిల్ల ముచ్చటపడిందని వెనకాల నేల మీద జీరాడే తోక కూడా పెట్టి గౌను పూర్తిచేశాం. యూనిట్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒక వంకతో వచ్చి దాన్ని ముట్టుకుని పోయేవారు.

అది భాద్రపదం. మాకు పెళ్ళిపనులుండని నెల. భాద్రపదంలో పెళ్ళేటమ్మా అని పెద్దమ్మ మొదట్లో ఆశ్చర్యపోయింది. చర్చిలో పెళ్ళికి నెలతో పని లేదని చెప్పాను. ఆ పిల్లకి సెలవు ఆలస్యంగా దొరికింది. తల్లి వెళ్ళి వెంటబెట్టుకొస్తోంది. దారిలో విజయనగరంలో దిగి, గౌను తొడిగి చూసుకుని, అట్నుంచి బస్సులో ఊరికి. మర్నాడే పెళ్ళి.

వాళ్ళు దిగాల్సిన రోజు పొద్దున ముసురు పట్టి ఉంది. నేను గొడుగు ముడుచుకుంటూ లోపలికి వెళ్ళేసరికి పెద్దమ్మ నిండుగా నవ్వుతూ నిలబడింది. ఇస్త్రీ చేసిన గౌను బల్ల మీద పరిచి ఉంది.

"కొంగు నేదు గదమ్మ, ఎక్కడెట్టాలో తెలీనేదు. మెడ కాడ, రెండు సేతుల కాడ, తోక కాడ ఎట్టినాను" అంది.

తెల్ల శాటిన్ మీద నాలుగు చోట్ల పచ్చగా తడిపసుపు.

"పెద్దమ్మా! వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు కదా! పసుపేమిటి?" అని అరిచాను. పక్కగదిలో కంప్యూటర్లు నేర్చుకునే పిల్లలు కూడా లేచి వచ్చేశారు.

పెద్దమ్మ నవ్వు అలాగే ఉండిపోయింది, మొహం మాత్రం తెల్లబోయింది. వాళ్ళెవరో ఆవిడకి తెలియక కాదు. అన్నేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే డబ్బీ మీదకి పోయింది. నేను ఇంకో మాట అనేలోపే గౌను పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తి సబ్బు రుద్దేసింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. కంగారులో తెలిసినవన్నీ ఎటుపోతాయో! నేను వెళ్ళేసరికి ఒక చెయ్యీ తోకా ఎర్రగా అయిపోయి ఉన్నాయి. అది చూసి ఆవిడ నేల మీద కూలబడింది.

తిట్టడానికి నోరు తెరిచాను. ఆవిడ ఆ తడి తోకని కొంగుతో ఇంకా తుడుస్తూనే ఉంది. నోరు మూసుకున్నాను.

మరక ఒక్కటే అయితే ఏదో తిప్పలు పడేవాళ్ళం. ఆ తల్లి మా మీద నమ్మకం లేకుండా వస్తోంది. బొట్టూ పసుపూ ముట్టని ఇల్లు. పెళ్ళిగౌను మీద పసుపు చూస్తే ఇంకో మాట లేకుండా అద్దె గౌను తొడుగుతుంది. ఆ పిల్ల మెడ వంకరగా పెట్టుకుని పెళ్ళికూతురవుతుంది. నాకు కళ్ళముందు అదే కనిపిస్తోంది.

నిమ్మకాయ తెప్పించి పిండాం. ఎరుపు విరిగి మళ్ళీ పసుపుగా మారింది. ఇక పసుపుని పోగొట్టేది ఎండ ఒక్కటే. ఆ సంగతి బట్టలుతికే ప్రతి ఇంటికీ తెలుసు. ఎండేది? ఆకాశం గేదె వీపులా ఉంది. అయినా గౌనుని మేడ మీదకి మోసుకెళ్ళాం. కింద దుప్పటి పరిచి, నాలుగు పక్కలా నలుగురం కూర్చున్నాం. చినుకు పడితే ఎత్తుకుని మెట్లగదిలోకి పరుగు, ఆగితే మళ్ళీ బయటికి. మాస్టారు ఫోన్లో వాతావరణం చూసి, మధ్యాహ్నం దాకా ముసురేనండీ అన్నాడు. ఆ ఫోన్ జేబులో పెట్టుకో బాబూ అన్నాను.

అప్పుడే ఆ పిల్ల ఫోన్ చేసింది. ఏం చెప్పాలా అనుకుంటూనే ఎత్తాను.

"సారీ మేడమ్, రైలు అనకాపల్లి దగ్గిర ఆగిపోయిందండి. ఎప్పుడు కదులుతాదో తెలీదంతన్నారు. మీకు లేటయిపోతాదేటో."

"పర్లేదమ్మా! నిదానంగా రా! కంగారేమీ లేదు!" అని ఎంత ఉత్సాహంగా అన్నానంటే ఆ పిల్ల ఒక క్షణం తెల్లబోయి ఉంటుంది. ఉద్యోగమంతా రైళ్ళని తిట్టుకుంటూ తిరిగినదాన్ని, ఆ రోజు మాత్రం ఆలస్యమైన రైలుకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

రైలు కదిలిందో లేదో తెలియదు గాని, మబ్బు కదిలింది. ఎండ పల్చగా వచ్చి, ఆ తర్వాత చుర్రుమంది. వానాకాలం ఎండకి ఆ పదునుంటుంది. మరక మీద నీళ్ళు చిలకరించడం, ఎండకి తిప్పడం, మళ్ళీ చిలకరించడం. మెడ దగ్గరిది ముందు పోయింది. తర్వాత కుడిచెయ్యి. ఎడమచెయ్యి చాలాసేపు మొండికేసి, మెల్లిగా వెలిసిపోయింది. పోయిందా అంటే పోయిందని, ఉందా అంటే ఉందని మాలో మాకే తగువు. చివరికి కొత్త కళ్ళు కావాలని, కిందికి క్లాసుకి వెళ్ళిన మాస్టారిని పిలిచి, మరక ఎక్కడుందో వెతకమన్నాం. వెతికాడు, దొరకలేదు. ఆడవాళ్ళం చప్పట్లు కొట్టాం.

తోకది మాత్రం పోలేదు. సబ్బు బాగా రుద్దింది అక్కడే. చూపుడువేలు ఆనినంత మేర లేతపసుపు మిగిలిపోయింది. దాని మీద ఒక శాటిన్ పువ్వు కుట్టేద్దామని మాస్టారు అన్నాడు. మంచి ఉపాయమే. కానీ రేపు చర్చిలో ఎవరైనా పువ్వు ఎత్తి చూస్తే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? అడిగితే ఉన్నది చెబుదామని నేను తేల్చేశాను.

వాళ్ళు రానే వచ్చారు. తల్లి సన్నగా, పొడుగ్గా, తెల్ల నేత చీరలో, చేతిలో గొడుగుతో. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏదండి ఆ ఆన్‌లైను?" అంది.

గౌను పిల్ల చేతికిచ్చి లోపలికి పంపాం. పెద్దమ్మ మెట్ల దగ్గర గోడ చాటున నిలబడింది, ఎంత పిలిచినా రాలేదు. తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల బయటికి వచ్చి, అలవాటు కొద్దీ ఎడమ భుజం సర్దుకోబోయి, సర్దడానికి ఏమీ లేక చెయ్యి దించేసింది. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. మెడ నిటారుగా ఉంది. మాలో ఒకరు పట్టుకున్న అద్దంలో చూసుకుని, "అమ్మా, సూడే" అంది, అంతే.

తల్లి గొడుగు గోడకి ఆనించింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. చుట్టూ తిరిగింది. వెనక్కి వెళ్ళింది. వంగింది.

"ఇదేటి?"

"పసుపండి" అన్నాను.

"పసుపా? మా పిల్ల గౌనుకి పసుపేటండి? ఎవులెట్టినారు?"

నేను నోరు తెరిచేలోపు గోడ చాటు నుంచి పెద్దమ్మ వచ్చేసింది. "నానే అమ్మ. ఎవుల్నీ అడగనేదు. మా పిల్లలకెట్టినట్టే ఎట్టీసినాను. తిట్టాలంటే నన్ను తిట్టు తల్లీ, గౌనునేటీ అనీకు. ఆ భుజం కోసం నిద్దర్లు నేకుండా కుట్టినాం."

"ఇంకెక్కడెక్కడెట్టినావు?"

"మెడ కాడ. సేతుల కాడ. ఎండకి పోయినాది."

తల్లి మెడ దగ్గర చూసింది. చేతులు రెండూ తిప్పి చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కానీ తను కదలడంలేదు, భుజం కదిలితే ఏమవుతుందో అన్నట్టు.

"ఎండకి పోయినాదంతావు" అంది తల్లి నెమ్మదిగా. "ఎండెవులిది? దేవుడిది గాదా? ఆయనే తీసీసినాక ఇంక పాస్టరుగారికేటి, నాకేటి?" కూతురి వైపు తిరిగి, "ఈ తోకలోది మాత్రం ఆయన కూడా తీనేదు. కోయించీమంతావేటే?" అంది.

తోక ఆ పిల్ల ముచ్చటపడి అడిగింది. అద్దంలో వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుంది. "కోసీండి" అంది.

పెద్దమ్మ కత్తెర తెచ్చుకుని ఆ పిల్ల కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పొద్దున కంగారుపడ్డ చేతులు అప్పుడు తడబడలేదు. శాటిన్ మీద కత్తెర గీత గీసినట్టు పోయింది. అంచు మడిచి, అక్కడికక్కడే కుట్టేసింది. గౌను చుట్టూ సమంగా నేలకి ఆనుతూ నిలబడింది. నిజం చెప్పొద్దూ, తోక ఉన్నప్పటికన్నా బాగుంది.

ఆన్‌లైన్‌లో బట్టలు కొనే పిల్లలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. కుట్టేవాళ్ళతో మాట్లాడండి. మీ ఒంటి సంగతీ, మీ ఇంటి సంగతీ రెండూ చెప్పండి. మేం కూడా ఆనాటి నుంచి ఒంటి కొలతలతో పాటు ఇంటి పద్ధతులూ అడగడం మొదలుపెట్టాం. పెద్దమ్మ అయితే మరీ, లంగా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళని కూడా అడిగేది.

గౌను మడతపెట్టి డబ్బాలో పెడుతుంటే తల్లి సంచిలోంచి ఫోన్ తీసింది. చిన్న నొక్కుల ఫోను. అంకెలు ఒక్కొక్కటే నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, వీధిలోకి వినిపించేంత గట్టిగా మాట్లాడింది. ఆ గొంతు ముందు నా గొంతు ఏపాటి!

"బాబూ, సోంపేట పెళ్ళికి సెప్పినాం గదా, ఆ గౌను. ఆఁ, అదే. ఇంకెవులికైనా ఇచ్చీ నాయినా. మాకొద్దు. మా పిల్లకి దాని గౌను దానికున్నాది."

పెద్దమ్మ కటింగు బల్ల మీద తల వాల్చుకుని అప్పుడు ఏడ్చింది, పొద్దుటినుంచీ దాచుకున్నదంతా. ఆ తల్లి ఫోన్ సంచిలో వేసుకుని, వెళ్ళి పక్కన నిలబడి సొంత అక్కకి వేసినట్టు వీపు మీద చెయ్యేసింది. "ఊరుకో అప్పా. రేపు పెళ్ళికొచ్చీ. ముందు వరసలో కూకుందువు" అంది.